బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌కి మళ్ళీ బ్యాటరీ ఎందుకు? థర్మల్ ప్లాంటులో ఉండేదీ ఇదేనా?

మిర్చి ట్రాలీ:

అందరికీ నమస్కారం. మాది పల్నాడు. చిన్న డీజిల్ గూడ్స్ బండి నడుపుతాను. సీజన్లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది.

మొన్న సత్తెనపల్లి దాటాక మీటరు బోర్డులో ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలిగింది. బండి లాగుడేమీ తగ్గలేదు, అందుకని అలాగే పోనిచ్చాను. యార్డు దగ్గర క్యూలో ఇంజను ఆపి, ముందు బండి కదిలాక సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంది. హమాలీలు నలుగురు తోస్తే స్టార్టయింది. తిరిగొచ్చేటప్పటికి చీకటి పడింది, హెడ్‌లైట్లు చూస్తుండగానే పసుపెక్కిపోయాయి.

దారిలో ఒక షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి "డైనమో పోయింది, మొత్తం మార్చాలి" అన్నాడు. బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ని షెడ్డుల్లో ఇంకా డైనమో అనే అంటారు. రేటు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. బెల్టు బాగానే ఉంది. పుల్లీ తిరుగుతోంది. బేరింగ్ చప్పుడు లేదు. తిరగాల్సింది తిరుగుతూనే ఉంటే కరెంటు ఎందుకు రాదు?

మా వాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. "నాన్నా, దానికి ముందు బ్యాటరీ నుంచి కొంచెం కరెంటు ఇవ్వాలి, అప్పుడే అది కరెంటు ఇస్తుంది" అంటాడు. ఇదేం లెక్కో నాకు అంతుపట్టలేదు. బ్యాటరీని నింపేదానికి మళ్ళీ బ్యాటరీయే పెట్టుబడా? పైగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటులో ఉండేదీ ఇదే మిషనట, కాకపోతే పెద్దదట. వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడా, నిజంగా అంతేనా? నిజమే అయితే అంత పెద్ద మిషనుకి ఏ బ్యాటరీ పెడతారు? లక్షల వోల్టులు ఎలా వస్తాయి? తెలిసినవాళ్ళు నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పండి.


ఆటోనగర్ వైరింగ్:

అన్నా, తొందరపడి కొత్తది కొనకు. నేను విజయవాడ ఆటోనగర్‌లో సెల్ఫులు, ఆల్టర్నేటర్ల పనే చేస్తాను. మొత్తం పారేయాల్సినవి మా బల్ల మీదకి తక్కువే వస్తాయి.

పుల్లీ తిరిగితే చాలదు. లోపల తిరిగే భాగంలో, అదే రోటర్‌లో, రాగి తీగ చుట్ట ఉంటుంది. దానికి కరెంటు అందితేనే అది అయస్కాంతమవుతుంది. ఆ కరెంటు రెండు కార్బన్ల (ఆనుకుని రాసుకునే బొగ్గు ముక్కలు) మీదుగా స్లిప్ రింగుల్లోకి, అంటే రోటర్‌తో పాటు తిరిగే రింగుల్లోకి వెళ్తుంది. కార్బన్లు అరిగిపోయినా, గూట్లో దుమ్ము పట్టి ఇరుక్కుపోయినా రోటర్ ఉత్త ఇనప ముద్ద. ఎంత తిరిగినా ప్రయోజనం లేదు.

ఒక పని చెయ్. ఇంజను ఆపి తాళం ఆన్‌లో పెట్టి, స్క్రూడ్రైవర్ కొసని ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి తీసుకెళ్ళు. అది స్క్రూడ్రైవర్‌ని గుంజుకోవాలి. గుంజుకుంటే రోటర్‌కి కరెంటు అందుతున్నట్టు, అప్పుడు ఏసీ కరెంటుని (అటూ ఇటూ మారేది) డీసీగా (ఒకే దిక్కుకి పోయేది) మార్చే డయోడ్ ప్లేటో, చుట్టూ కదలకుండా ఉండే రాగి చుట్లు, అదే స్టేటర్ వైండింగో చూడాలి. గుంజుకోకపోతే కార్బన్ల దగ్గరో, వోల్టేజిని అదుపు చేసే కటౌట్ దగ్గరో తెగింది. ఇప్పుడు దాన్ని రెగ్యులేటర్ అంటున్నారు కానీ మా షెడ్డుల్లో ఇంకా కటౌటే. మరీ కొత్త బండ్లు, చార్జింగ్‌ని కూడా కంప్యూటరే చూసుకునేవి ఉన్నాయి, వాటిలో ఈ పరీక్ష కుదరదు. నీ బండికి కుదరొచ్చు.

తర్వాత మల్టీమీటర్ పెట్టు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్యకి లేవాలి. 12 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే చార్జింగ్ లేనట్టే. 15 దాటితే కటౌట్ పోయినట్టు, అదింకా చెడ్డది, బ్యాటరీలో యాసిడ్ ఉడుకుతుంది. రాత్రి బండి పెడితే పొద్దున్నకి బ్యాటరీ డౌన్ అవుతోందా, పాటలు పెడితే ఇంజను రేజుకి తగ్గట్టు కీచుమంటోందా, అయితే డయోడ్ మీద అనుమానపడాలి.

ఇంకో మాట. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "బండి ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది" అని చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాత అంబాసిడర్ల కాలం నాటి అలవాటది. ఇప్పటి బండ్లకి ఎవరు చెప్పినా చేయనివ్వకు. బ్యాటరీ ఉన్నట్టుండి ఊడితే వోల్టేజి ఒక్కసారి ఎగదన్ని డయోడ్లు, కటౌట్, ఒక్కోసారి ఇంజను కంప్యూటరూ పోతాయి.

థర్మల్ ప్లాంటు సంగతి నాకు తెలీదు. ఇక్కడ పెద్దాయన ఒకరున్నారు, ఆయన చెప్పాలి.


మిర్చి ట్రాలీ:

చాలా థ్యాంక్స్ అన్నా. స్క్రూడ్రైవర్ పెట్టి చూశాను, అస్సలు గుంజుకోలేదు. విప్పించాను. ఒక కార్బన్ మొద్దుబారి గూట్లోనే ఇరుక్కుంది, రెండోది గోరంత మిగిలింది. కార్బన్ సెట్టు వేసి, స్లిప్ రింగులు నున్నగా రుద్దించాం. ఇప్పుడు 14.1 చూపిస్తోంది. కొత్తదానికి చెప్పిన రేటులో పదో వంతు కూడా కాలేదు.

మా వాడి ముందు ఓడిపోయాను కాబట్టి మిగతా ప్రశ్నలకి కూడా జవాబు కావాలి. పెద్దాయన ఎవరో చెప్పండి గురువుగారూ.


టర్బైన్ హాలు:

పెద్దాయన అంటే నేనేననుకుంటాను. ఇబ్రహీంపట్నంలో 210 మెగావాట్ల యూనిట్ల మీద, కంట్రోల్ రూమ్ షిఫ్టుల్లో చేసి రిటైరయ్యాను. మీ అబ్బాయి ఆటపట్టించలేదండి, సరిగ్గానే చెప్పాడు. మీ బానెట్ కింద ఉన్నదీ మా టర్బైన్ హాల్లో ఉన్నదీ ఒకే జాతి. మధ్యలో అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ రాగి చుట్లు కదలకుండా ఉంటాయి. రాగి చుట్ట దగ్గర అయస్కాంతం ఊరికే ఉంటే ఏమీ జరగదు. అది కదులుతున్నంతసేపే చుట్టలో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. ఆ తర్వాత వచ్చినవన్నీ దీన్ని పెద్దగా, చల్లగా, అదుపులో నడిపే ఏర్పాట్లే.

మీ మొదటి అనుమానం, "బ్యాటరీయే పెట్టుబడా" అన్నది, అసలు తేల్చుకోవాల్సిన విషయం. రోటర్‌కి ఇచ్చే కరెంటు పెరిగి పెద్దదై బయటికి రాదు. అది అయస్కాంతాన్ని నిలబెట్టడానికి మాత్రమే. మీ బండిలో ఐదు ఆంపియర్ల లోపే వెళ్తుంది, బయటికి అరవై డెబ్బై ఆంపియర్లు వస్తాయి. ఆ తేడా బ్యాటరీది కాదు, బెల్టు తిప్పే ఇంజనుది, అంటే మీరు పోసిన డీజిల్‌ది. మా దగ్గర 210 మెగావాట్ల జనరేటర్ రోటర్‌లోకి నిండు లోడు మీద రెండు వేల ఆంపియర్ల పైనే వెళ్తుంది. వినడానికి బోలెడు కరెంటు, కానీ దానికయ్యే పవరు ఒక మెగావాటు లోపే. మిగతాదంతా షాఫ్ట్‌ని తిప్పే చక్రాలని, అంటే టర్బైన్‌ని, ఆవిరి తోసిన తోపు.

అలాంటప్పుడు మామూలు అయస్కాంతమే పెట్టేయొచ్చు కదా అని అడుగుతారు. చాలా మోటార్‌సైకిళ్ళలో అలాగే పెడతారు. చిక్కేమిటంటే దాన్ని తగ్గించడం, పెంచడం మన చేతిలో ఉండదు. ఇంజను రేజు చేసినప్పుడల్లా వోల్టేజి ఎక్కేస్తుంది, ఎక్కువైన కరెంటుని చాలా బండ్లలో రెగ్యులేటర్ ఉత్తినే దారి మళ్ళించి వేడిగా పోగొడుతుంది. మీ బండిలో ఆ బాధ లేదు. ఇంజను నిమిషానికి 800 చుట్ల మీద గుడగుడలాడుతున్నా, హైవే మీద 3000 మీద పోతున్నా బ్యాటరీకి అందేది అదే 14 వోల్టులు. రెగ్యులేటర్ రోటర్ కరెంటుని క్షణానికి ఎన్నోసార్లు కోస్తూ, ఇస్తూ ఉంటుంది. స్పీడు పెరిగితే అయస్కాంతాన్ని బలహీనపరుస్తుంది, తగ్గితే బలపరుస్తుంది. మా కంట్రోల్ రూమ్‌లో అదే పని చేసేదాన్ని ఏవీఆర్ (ఆటోమేటిక్ వోల్టేజ్ రెగ్యులేటర్) అంటాం. మా ప్యానెల్ బీరువాలంత ఉండేది, మీది అగ్గిపెట్టెంత. తెలివి మాత్రం ఒకటే.

రాగి చుట్లు బయట ఎందుకు, అయస్కాంతం లోపల ఎందుకు? పాత డైనమోలో ఇది తిరగేసి ఉండేది. కరెంటు పుట్టే చుట్లే తిరిగేవి, పుట్టిన కరెంటు మొత్తం కమ్యుటేటర్ (షాఫ్ట్‌తో తిరిగే రాగి ముక్కల రింగు) మీద కార్బన్ల గుండా బయటికి రావాలి. నిప్పురవ్వలు, అరుగుడు. పైగా ఇంజను ఐడిల్‌లో ఉంటే చార్జింగే ఉండేది కాదు, నగరాల్లో ట్రాఫిక్ పెరిగేకొద్దీ డైనమోకి కాలం చెల్లింది. చౌకైన సిలికాన్ డయోడ్లు వచ్చాకే 1960ల నుంచి కార్లలోకి ఆల్టర్నేటర్లు బాగా దిగాయి. పెద్ద కరెంటు కదలని చుట్లలో పుడుతుంది, నేరుగా బోల్టు బిగించి తీసుకుంటాం. కార్బన్ల మీద వెళ్ళేది ఆ చిన్న కరెంటే. మా దగ్గరికొస్తే ఇది సౌకర్యం కాదు, తప్పనిసరి. 210 మెగావాట్ల మిషను 15.75 కిలోవోల్టుల దగ్గర ఫేజుకి (మూడు వరసల చుట్లలో ఒక్కోదానికి) సుమారు 9 వేల ఆంపియర్లు ఇస్తుంది. తొమ్మిది వేల ఆంపియర్లని తిరిగే రింగు మీద కార్బన్ ఆనించి లాగడం అయ్యే పని కాదు. మనిషి దూరేంత లావు అల్యూమినియం గొట్టాల్లో బస్‌బార్లు, అంటే కరెంటు మోసే లావు లోహపు కడ్డీలు, పెట్టి తీసుకెళ్తాం.

లక్షల వోల్టుల సంగతి. జనరేటర్ లక్షల వోల్టులు పుట్టించదు. 15.75 కిలోవోల్టులంటే పదిహేను వేల ఏడు వందల యాభై, అంతే. అంతకన్నా మరీ పైకి పోతే గాడుల్లో పెట్టిన రాగి కడ్డీలకి చుట్టే ఇన్సులేషనే చోటంతా తినేస్తుంది. పక్కనే ఆరుబయట ఉండే జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 220 కిలోవోల్టులకి ఎత్తి లైన్ల మీదకి పంపుతుంది. మీరు హైవే నుంచి చూసే పెద్ద టవర్లవి.

ఇక మా బ్యాటరీ. ఉందండి, అదొక గది నిండా ఉంటుంది. గాజు జాడీల్లాంటి సెల్స్ వరసగా, మొత్తం 220 వోల్టుల డీసీ. 210 మెగావాట్ల యూనిట్లలో రోటర్ కరెంటు మామూలుగా జనరేటర్ సొంత కరెంటులోంచే తీసుకుని, ఏసీని డీసీగా మార్చి, స్లిప్ రింగుల మీదుగా ఇస్తాం. కానీ యూనిట్ అప్పుడే స్పీడుకి వచ్చినప్పుడు జనరేటర్‌లో ఏమీ పుట్టలేదు, మరి తీసుకునేది ఎక్కణ్ణుంచి? అప్పుడు కొన్ని సెకన్లపాటు బయటి నుంచి, స్టేషన్ బ్యాటరీ నుంచో స్టేషన్ సప్లై నుంచో, కొంచెం కరెంటు రోటర్‌లోకి కొడతాం. దాన్ని ఫీల్డ్ ఫ్లాషింగ్ అంటారు. వోల్టేజి కొంత లేవగానే బయటి సప్లై తప్పుకుంటుంది, ఆ పైన మిషను తన తిండి తానే తింటుంది. మీరు తాళం తిప్పగానే ఎర్ర లైటు వెలిగి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోతుంది చూడండి, చాలా బండ్లలో ఆ బల్బు గుండానే మొదటి కరెంటు రోటర్‌కి వెళ్తుంది. ఇద్దరిదీ ఒకే అవసరం. 500 మెగావాట్ల యూనిట్‌లో ఇంకో పద్ధతి, షాఫ్ట్ కొసన ఒక చిన్న పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్ తిరుగుతూ మొదటి కరెంటు ఇస్తుంది, డయోడ్లు కూడా షాఫ్ట్ మీదే తిరుగుతాయి. అక్కడ కార్బన్ల గొడవే లేదు. మా 210ల మీద కార్బన్ దుమ్ము ఊదించడం, అరిగినవి మార్చడం మెయింటెనెన్స్ వాళ్ళకి నిత్యకృత్యం.

రెండింటికీ నిజమైన తేడా స్పీడు దగ్గరుంది. మీ రోటర్‌కి గోళ్ళలా ఒకదానిలోకి ఒకటి దూరిన ఇనప వేళ్ళుంటాయి, సాధారణంగా 12 పోల్స్, అంటే అయస్కాంత ధ్రువాలు. ఆల్టర్నేటర్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే కరెంటు సెకనుకి 200 సార్లు ఊగుతుంది, అంటే 200 హెర్ట్జ్, 6000 మీద తిరిగితే 600 హెర్ట్జ్. ఎంతైతే మీకేం? ఆరు డయోడ్లు దాన్ని డీసీ చేసేస్తాయి, బ్యాటరీకి ఆ ఊపుల లెక్కతో, అదే ఫ్రీక్వెన్సీతో, పనే లేదు. మాకు రెండే పోల్స్, నిమిషానికి 3000 చుట్లు, సెకనుకి 50. ఆ 50 కదిలితే ఊరుకోరు. గ్రిడ్ అంటే ప్లాంట్లన్నిటినీ కలిపే లైన్ల వల, దాని నిబంధనల (గ్రిడ్ కోడ్) ప్రకారం 49.90 నుంచి 50.05 లోపల ఉంచాలి.

మీటరు అడ్డం ఉన్న ఉక్కు రోటర్ సెకనుకి 50 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 560 కిలోమీటర్ల పైన పోతున్నట్టు లెక్క. అందుకే దాన్ని లావుగా చేయరు, సన్నగా పొడుగ్గా చేస్తారు. ఆ వేగానికి గాలి కూడా బరువే, రాపిడికి వేడెక్కిపోతుంది. కాబట్టి లోపల గాలి ఉండదు, హైడ్రోజన్ నింపుతాం. గాలి బరువులో పద్నాలుగో వంతు, వేడిని మాత్రం గాలికన్నా ఏడు రెట్లు బాగా తీసుకెళ్తుంది. పేలే గ్యాసుని తిరిగే మిషనులో నింపడమేమిటని కొత్తగా చేరినవాళ్ళందరూ ఒకసారి టెన్షన్ పడతారు. స్వచ్ఛంగా ఉన్నంతవరకు అది పేలదు, గాలి కలిసినప్పుడే ప్రమాదం. అందుకే గాలి ఉన్నచోట నేరుగా హైడ్రోజన్ వదలం. ముందు కార్బన్ డయాక్సైడ్ నింపి గాలిని తరిమేసి, తర్వాత హైడ్రోజన్‌తో దాన్ని తరుముతాం. తీసేటప్పుడూ అంతే, వెనక్కి. షాఫ్ట్ బయటికొచ్చే చోట గ్యాసు కారకుండా నూనెతో సీలు. ఏ అలారం మోగినా నింపాదిగా లేచేవాళ్ళు కూడా సీల్ ఆయిల్ ప్రెషర్ అలారం వస్తే పరిగెత్తేవాళ్ళు.

స్పీడు వచ్చింది, వోల్టేజి వచ్చింది, ఇంక గ్రిడ్‌కి కలపాలి. నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని ఇదే. దంపుళ్ళ చోట ఒకే రోట్లో ఇద్దరు రోకళ్ళు వేస్తుంటే మూడో మనిషి ఎలా చేరుతుందో చూశారా? లయ పట్టుకునే దాకా రోకలి ఎత్తి పట్టుకుంటుంది, తన వంతు రాగానే వేస్తుంది. తప్పితే రోకళ్ళు కొట్టుకుంటాయి. ప్యానెల్ మీద సింక్రోస్కోపు అని గడియారంలాంటి మీటరుంటుంది. మన మిషను గ్రిడ్ కన్నా వెంట్రుకవాసి వేగంగా ఉంటే ముల్లు కుడివైపుకి మెల్లగా తిరుగుతుంది. పన్నెండు మీదకి రావడానికి కాస్త ముందు, పదకొండూ యాభై ఐదు దగ్గర, బ్రేకర్ (గ్రిడ్‌కి కలిపే పెద్ద స్విచ్) వేయాలి, అది మూసుకునేసరికి ముల్లు పన్నెండు మీదుంటుంది. ఆటోలో పెడితే మిషనే చూసుకుంటుంది, మేం మాత్రం కళ్ళు ముల్లు మీద నుంచి తీయం. సరిగ్గా పడితే చప్పుడే ఉండదు, మెగావాట్ మీటరు లేవడం మొదలెడుతుంది. తేడాగా పడితే పదుల టన్నుల షాఫ్ట్‌ని గ్రిడ్ ఒక్క గుంజు గుంజుతుంది, కప్లింగ్ బోల్టులు, వైండింగ్ కొసలు ఏవి మిగులుతాయో దేవుడికెరుక.

కలిసిన తర్వాత ఇంకో వింత. ఆవిరి ఎక్కువ వదిలినా మిషను వేగం పెరగదు. గ్రిడ్ మొత్తం 50 మీద ఉంటే నీదీ 50 మీదే. పెరిగేది మెగావాట్లు.


ఈ-ఆటో శీను:

గురువుగారూ, ఒక డౌటు. నాది కరెంటు ఆటో. వెనక చక్రానికి ఒక ఆల్టర్నేటర్ బిగిస్తే నడుస్తూనే బ్యాటరీ చార్జ్ అవుతుంది కదా? వీడియోల్లో చేసి చూపిస్తున్నారు. కంపెనీలు కావాలనే పెట్టట్లేదంటున్నారు.


టర్బైన్ హాలు:

ఆ వీడియోల్లో బల్ల కింద వైరు ఎక్కడికి వెళ్తోందో చూడు నాయనా.

రాగి చుట్లలోంచి కరెంటు లాగనంతసేపూ ఆల్టర్నేటర్ తేలిగ్గా తిరుగుతుంది. లాగడం మొదలెట్టగానే ఆ కరెంటు తన అయస్కాంతాన్ని తాను తయారుచేసుకుని, తిప్పేదానికి ఎదురు తిరుగుతుంది. ఎంత లాగితే అంత బరువు. ట్రాలీ ఆయన ఒకటి చేసి చూడొచ్చు. రాత్రి ఇంజను ఐడిల్‌లో పెట్టి, చెవి పెట్టి వింటూ, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఒకేసారి వేయండి. ఇంజను ఒక్క క్షణం కుంగి మళ్ళీ లేస్తుంది. పెళ్ళిళ్ళలో షామియానా వెనక జనరేటర్ కూడా అంతే, స్టేజి లైట్లన్నీ వేయగానే గుర్రుమంటుంది. లైట్ల బరువు షాఫ్ట్‌కి తెలిసింది, వేగం పడిపోకుండా చూసే గవర్నర్ ఇంకాస్త డీజిల్ వదిలింది.

లెక్క కూడా చెప్తాను. 14 వోల్టులు, 60 ఆంపియర్లు, 840 వాట్లు. అంటే ఒక హార్స్‌పవర్ కన్నా కొంచెం ఎక్కువ. కార్ల ఆల్టర్నేటర్ సామర్థ్యం అటూ ఇటూగా అరవై శాతం, కాబట్టి బెల్టు మీద దాదాపు 1400 వాట్లు పెట్టాలి. నీ ఆటోలో ఆ 1400 ఎక్కడివి? అదే బ్యాటరీవి. పద్నాలుగు వందలు తీసి ఎనిమిది వందల నలభై తిరిగి వేయడానికి ఆల్టర్నేటర్ ఎందుకు, ఊరికే ఉంటేనే మిగులు. మా పెద్ద జనరేటర్లు 98 శాతం పైనే పనిచేస్తాయి, వాటికీ రెండు శాతం పోతుంది. నూరు దాటింది ఇంతవరకు పుట్టలేదు.

నీ ఆటోలో చేయదగ్గది ఒకటుంది, చాలా బండ్లలో ముందే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారడం. ఎలాగూ పారేసే వేగాన్ని కొంత వెనక్కి తీసుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బాగా పనికొస్తుంది, విజయవాడ బందరు రోడ్డు మీద అంతంతమాత్రమే.


కృష్ణమ్మ ఒడ్డు:

నేను హైడల్ (నీటితో కరెంటు తీసే) వైపు మనిషిని, నాగార్జునసాగర్లో చేశాను. థర్మల్ వాళ్ళు 3000 ఆర్‌పీఎం గురించి మాట్లాడుతుంటే మాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. నీళ్ళ టర్బైన్ అంత వేగం తిరగదు. 50 హెర్ట్జ్ కావాలంటే 6000ని ఆర్‌పీఎంతో భాగించండి, ఎన్ని పోల్స్ కావాలో వస్తుంది. 150 తిరిగే మిషనుకి 40 పోల్స్. షామియానా వెనక జనరేటర్ 1500 తిరుగుతుంది, నాలుగు చాలు. అన్ని పోల్స్ చుట్టూ అమర్చాలి కాబట్టి మా రోటర్లు బావంత వెడల్పు ఉంటాయి, పొట్టిగా, నిలువు షాఫ్ట్ మీద వేలాడుతూ. నిండుగా తిరుగుతున్నప్పుడు మీద గ్యాలరీలో నిలబడితే కాళ్ళ కిందనుంచి సన్నటి వణుకు ఎక్కుతుంది.

సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో మొదటి యూనిట్ 110 మెగావాట్లు, మామూలుది. మిగతా ఏడూ 100.8 చొప్పున, రివర్సిబుల్. అంటే అదే మిషనుకి గ్రిడ్ నుంచి కరెంటు ఇస్తే మోటారై వెనక్కి తిరిగి, కింది నీళ్ళని పైకి తోడుతుంది. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో ఉన్న ఆరు 150 మెగావాట్ల యూనిట్లూ అలాంటివే. ఆల్టర్నేటర్, మోటారు రెండు వేరు మిషన్లు కావని అక్కడ చూస్తే తెలుస్తుంది. ఎవరు ఎవరిని తోస్తున్నారన్నదే తేడా.

థర్మల్ యూనిట్ చల్లారితే లేపడానికి గంటలు పడుతుంది. మాకు గేట్లు తెరిస్తే నిమిషాల పని. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి దేశమంతా లైట్లు ఆర్పారు గుర్తుందా? దాదాపు 31 వేల మెగావాట్ల లోడు కొద్ది నిమిషాల్లో పడిపోయి మళ్ళీ లేచింది. దేశంలో ఆ దెబ్బని ఎక్కువగా కాచుకున్నవి హైడల్ స్టేషన్లే.


మిర్చి ట్రాలీ:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మా వాడు పక్కనే కూర్చుని చదివాడు. వాడిదో ప్రశ్న: "అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి లయ కలుపుకుంటాయి సరే, గ్రిడ్ మొత్తం ఒక్కసారి ఆరిపోతే మొదటిది ఎవరిని చూసి మొదలుపెడుతుంది?"


టర్బైన్ హాలు:

మంచి ప్రశ్న వేశాడు. థర్మల్ స్టేషన్ తనంతట తాను లేవలేదు. బొగ్గు మిల్లులు, ఫ్యాన్లు, నీళ్ళు తోడే పంపులు, వీటికే ఒక చిన్న ఊరికి సరిపడా కరెంటు కావాలి. అందుకే హైడల్ వాళ్ళే ముందు లేస్తారు, సాగర్ మిత్రుడు ఎంత నవ్వినా ఇక్కడ నేను ఒప్పుకోక తప్పదు. చిన్న డీజిల్ జనరేటర్‌తో గేట్లు, ఆయిల్ పంపులు నడిపించి, బ్యాటరీతో రోటర్‌కి మొదటి కరెంటు ఇచ్చి, ఒక యూనిట్‌ని నిలబెడతారు. దానికి ఎవరినీ చూడాల్సిన పని లేదు, తన 50 తానే పెట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ఒక లైనులోకి కరెంటు వదిలి దగ్గర్లోని థర్మల్‌కి పంపుతారు. కాస్త కాస్త లోడు వేసుకుంటూ, ఒక్కొక్కరూ సింక్రోస్కోపు చూసుకుంటూ చేరతారు. దీన్ని బ్లాక్ స్టార్ట్ అంటారు.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ పడిపోయింది, రెండో రోజు తూర్పు, ఈశాన్యాలు కూడా దాంతోపాటే పోయాయి. మన దక్షిణాది గ్రిడ్ మాత్రం పడిపోలేదు. కారణం మన గొప్పతనమేమీ కాదు, అప్పటికి దక్షిణాది గ్రిడ్ వాళ్ళతో లయ కలపలేదు. మధ్యలో డీసీ లింకులే ఉండేవి, వాటి గుండా పవరు వెళ్తుంది కానీ లయ వెళ్ళదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను కలిశాక మనదీ వాళ్ళదీ ఒకే 50 అయింది.

మీ అబ్బాయి కాలేజీలో మెషిన్స్ ల్యాబ్ ఉంటుంది. అక్కడ చిన్న ఆల్టర్నేటర్‌ని సప్లైకి కలిపే ప్రయోగం మూడు బల్బులతో చేయిస్తారు, దాన్ని ముందు చేయమనండి. మూడు బల్బులూ కలిసి వెలిగి కలిసి ఆరుతుంటే దారి సరే, బాగా నెమ్మదించి పూర్తిగా ఆరినప్పుడు స్విచ్ వేయాలి. ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే ఫేజుల వరస తప్పింది, మిషను ఆపి ఏవైనా రెండు వైర్లు అటూ ఇటూ మార్చుకోవాలి. వైర్లు ముట్టుకునే ముందు సప్లై మెయిన్ దించాడో లేదో రెండుసార్లు చూసుకోమనండి.